ప్రమాణ లెంపకాయ

నా భార్య వకుళ తయారుచేసిన వీడియో గేములో రాక్షసుణ్ణి కత్తితో కొట్టినప్పుడల్లా వాడి నెత్తిమీద ఒక అంకె లేచి, గాలిలో కాస్త తేలి, మాయమైపోయేది. ఒకసారి ఇరవై ఐదు, ఒకసారి నలభై. చూసినవాళ్ళందరూ భలే ఉందన్నారు. ఆ అంకె పక్కన ప్రమాణం లేదని గమనించినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇందులో గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు, అది నా ఉద్యోగం.

నా పేరు ముక్కామల గంగాధరం. కాకినాడలో రాష్ట్ర పరిమాణ నిర్ధారణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి సూపరింటెండెంటుని. ప్రజలకు చూపించే ప్రతి అంకె పక్కనా అది దేని లెక్కో ఉండాలి, ఆ లెక్క సరైనదని మా మండలి ముద్ర ఉండాలి. మా రూలు ఇంతే. బట్టలకొట్లో మీటరుబద్దా, పాలవాడి లీటరు గిన్నే సక్రమంగా ఉన్నాయంటే మా చలవే. జనం మమ్మల్ని తలుచుకోరు, అది వేరే సంగతి. మేము తలుచుకోమని అడగం కూడా.

వకుళ ఒక స్టూడియోలో పెళ్ళి వీడియోలు ముస్తాబు చేస్తుంది. పెళ్ళికూతుర్ని గులాబీలో కూర్చోబెట్టడం, పెళ్ళికొడుకుని చందమామ మీద నిలబెట్టడం, ఇద్దరి చుట్టూ పూలరేకులు గిరగిరా తిప్పడం ఆవిడ పని. అలా ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ చేసిచేసి ఒకరోజు, "ఎంతసేపూ ఎవరో పెళ్ళి చేసుకోడం, నేను పూలు చల్లడం. నాకంటూ ఒక కథ ఉండాలండీ. అందులో ఎవరు గెలవాలో నేను చెప్పాలి" అంది. సరేనన్నాను. ఆడవాళ్ళకి ఏదో ఒక వ్యాపకం ఉండటం మంచిదే కదా అనుకున్నాను. ఆ వ్యాపకం నాలుగేళ్ళు సాగింది.

ఆటలో నూకాలు అనే అమ్మాయి ఉంటుంది. ఉప్పుమళ్ళలో కూలిపని చేస్తుంది. కోటలో ఉన్న రాక్షసుడు ఊరి వెన్నెలని ఎత్తుకుపోతే, తిరిగి తేవడానికి బయల్దేరుతుంది. ఆడేవాళ్ళే నూకాలు అవుతారు. దారిలో బలం కూడగట్టుకుని, మంత్రాలు నేర్చుకుని, చివరికి కోటలో వాడితో తలపడతారు. నూకాలు ఒక దెబ్బ, వాడు ఒక దెబ్బ, వంతులవారీగా యుద్ధం. ఆ హంగులన్నీ వకుళ తన పెళ్ళి వీడియోల్లోంచే తీసింది. తాళి కట్టేటప్పుడు పడే అక్షింతలకి నిప్పురంగు వేసి మంటలవాన మంత్రం చేసింది. దెబ్బ తగిలిన రాక్షసుడి చుట్టూ పూలరేకులు తిరిగేవి. వాడు చచ్చేటప్పుడు ఒక పెద్ద తామరపువ్వు వచ్చి వాణ్ణి లోపలికి ముడుచుకునేది. నిజం చెప్పాలంటే నాకూ ముచ్చటేసేది.

ఆ వేసవి ఎగ్జిబిషన్‌లో ఆవిడకి ఒక స్టాలు దొరికింది. అప్పటిదాకా ఆ ఆట నేనూ మా తమ్ముడు ప్రసన్నా తప్ప ఎవరూ ఆడలేదు. "మీ ఇద్దరూ బాగుందంటే నాకేం తెలుస్తుందండీ? మొహమాటానికి అంటారు. ముక్కూ మొహం తెలీనోళ్ళు వచ్చి, మధ్యలో లేచిపోకుండా కూచుంటే అప్పుడు తెలుస్తుంది" అనేది. స్టాలు దొరికిన నాటి నుంచి ఆవిడకి అదే ధ్యాస. అన్నం వడ్డిస్తూ కూడా గోడకేసి చూసి తనలో తను నవ్వుకునేది.

ఒకరోజు భోజనం దగ్గర అడిగాను.

"ఆ ఇరవై ఐదు ఏమిటి వకుళా?"

"దెబ్బండి."

"దెబ్బ సరే. ఇరవై ఐదు ఏమిటి? కిలోలా, లీటర్లా?"

"పెరుగు వెయ్యనా?" అంది.

జవాబు రాలేదు కాబట్టి మర్నాడు ఆఫీసులో నోట్ పెట్టాను. పరాయివాళ్ళయితే ఒక పద్ధతి, సొంత మనుషులయితే ఒక పద్ధతీ నా దగ్గర లేదు. డైరెక్టరుగారు నోట్ చదివి, నా వీపు తట్టి, నోటీసు జారీచేశారు. ప్రమాణం నిర్ధారణయ్యి మండలి ముద్ర పడేదాకా సదరు ఆటని ప్రజలకు చూపించరాదు. నోటీసు నేనే స్వయంగా ఇంటికి తెచ్చి, రూలు ప్రకారం సంతకం తీసుకుని మరీ అందజేశాను. ఆ పూట పప్పులో ఉప్పు లేదు. అదేమిటంటే, "ఎంత వెయ్యాలో ప్రమాణం తెలీలేదండి" అంది.

ఆ తర్వాత నాతో మాట్లాడటం బాగా తగ్గించింది. ఎగ్జిబిషన్ దగ్గర పడుతోంది, ఆవిడ కంగారు ఆవిడది. నాకు కోపం రాలేదు. చట్టం అందరికీ మొదట్లో చేదుగానే ఉంటుంది.

మా డైరెక్టరు వేటుకూరి నరసింహమూర్తిగారు దూరదృష్టి గల మనిషి. ఈ ఫైలు చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. వెంటనే సమావేశం పెట్టారు.

"అనాదిగా మన ప్రజలు దెబ్బలు తింటున్నారు. కానీ తిన్నది ఎంతో ఏ ఒక్కరూ చెప్పలేని దుస్థితి నెలకొని ఉంది. ఈ లోటును భర్తీ చేసే చారిత్రక బాధ్యత నేడు మన భుజస్కంధాలపై పడిందని సవినయంగా మనవి చేస్తున్నాను" అన్నారు. ఆయన ఎదుట ఉన్నది సాంకేతికాధికారి హైమవతీ, నేనూ, టీ కప్పులూ మాత్రమే అయినా సరే, లేచి నిలబడి మాట్లాడారు.

హైమవతి కొత్తగా వచ్చిన పిల్ల, బాగా చదువుకుంది. "సర్, బలాన్ని న్యూటన్లలో కొలుస్తాం కదా, అదే పెట్టేద్దామండి" అంది.

"చిన్నప్పుడు మీ నాన్నగారు నిన్ను ఎన్ని న్యూటన్లు కొట్టారమ్మా?"

హైమవతి ఆలోచించింది. "న్యూటన్లు కాదండి. జెల్లకాయలండి."

"అదీ. ప్రజల అనుభవంలో ఉన్న ప్రమాణం కావాలి మనకి."

చర్చ సాయంత్రందాకా సాగింది. మొట్టికాయ మరీ చిన్నదన్నారు. వీపుమీద గుద్దు మనిషి మనిషికీ మారుతుందన్నారు. జెల్లకాయకి శబ్దమే తప్ప సరుకు లేదని నేనన్నాను. తొడపాశం అసలు దెబ్బ కిందికి వస్తుందా రాదా అన్నది తేలక, దాన్ని ఉపసంఘానికి నివేదించాం. చివరికి లెంపకాయ ఏకగ్రీవంగా నెగ్గింది. ఒక లెంపకాయకి నాలుగు మొట్టికాయలు అన్న మారకం కూడా అప్పుడే ఖాయమైంది.

"ఇప్పుడు ప్రశ్న ఏమిటంటే, ఎవరి లెంపకాయ?" అన్నారు డైరెక్టరుగారు. "మీటరుకి మూల కడ్డీ ఉన్నట్టు లెంపకాయకి మూల హస్తం ఉండాలి."

ఆ మాట అంటూండగానే డైరెక్టరుగారి చెయ్యి ఎడమ చెంప మీదికి వెళ్ళింది. నాదీ వెళ్ళింది. మేమిద్దరం చదివింది ఒకే మునిసిపల్ హైస్కూలు. ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకున్నాం. లెక్కల మాస్టారు ఓలేటి విశ్వపతిగారు ఇంకా ఉన్నారా అని ఆయన అడిగారు. ఉన్నారనీ, రోజూ సాయంత్రం పార్కుకి కూడా వస్తున్నారనీ చెప్పాను.

మాస్టారిని ఆఫీసు కారులో తీసుకొచ్చి, శాలువా కప్పి, కుర్చీలో కూర్చోబెట్టాం. మనిషి తగ్గిపోయారు గాని చేతులు అలాగే ఉన్నాయి. మూల చెంప ఎవరిదన్న విషయంలో పెద్ద వివాదం రాలేదు. కార్యాలయంలో అందరికన్నా పై చెంప డైరెక్టరుగారిది. హైమవతి ఆయన చెంపకి పలచటి రబ్బరు పట్టీ అతికించి, దానికి తీగ తగిలించి, ముల్లు తిరిగే గడియారం లాంటి యంత్రానికి కలిపింది.

మాస్టారు అంతా విని, "ఏవిటిరా మూర్తీ, నిన్ను కొట్టాలా? ఏం చేశావు?" అన్నారు.

"ఏమీ చెయ్యలేదు మాస్టారూ. ప్రభుత్వ అవసరం."

"ఏమీ చెయ్యకపోతే ఎలా కొడతాన్రా? చెయ్యి లేవదు."

నిజంగానే లేవలేదు. రెండుసార్లు ప్రయత్నించి ఒళ్ళో పెట్టేసుకున్నారు. పని ఆగిపోయేలా ఉంది. మాస్టారు మజ్జిగ తాగి, కాసేపు ఆలోచించి, "సరే, పదిహేడో ఎక్కం అప్పజెప్పు" అన్నారు.

డైరెక్టరుగారు చేతులు కట్టుకున్నారు. పదిహేడు ఏడుల దాకా బండి బాగానే నడిచింది.

"పదిహేడు ఎనిమిదులు?"

"నూట... నూట ఇరవై ఆరు."

ఛెళ్ళుమంది. పక్క గదిలో టైపు కొడుతున్నవాళ్ళు లేచి నిలబడ్డారు. డైరెక్టరుగారి కళ్ళనిండా నీళ్ళు, మొహంలో మాత్రం ఎక్కడలేని తృప్తి. "ఎంత వచ్చిందమ్మా?" అని అడిగారు.

హైమవతి రెండు చేతులూ తన చెంపల మీద పెట్టుకుని ఉంది. ఆ శబ్దానికి హడలిపోయి ముల్లు చూడటం మరిచిపోయింది.

మళ్ళీ కొట్టించాలి. అయితే ఈసారి డైరెక్టరుగారు నూట ముప్ఫై ఆరు అని సరిగ్గా చెప్పేశారు. మాస్టారు మురిసిపోయి, "బాగుపడ్డావురా" అని తల నిమిరారు. దాంతో పందొమ్మిదో ఎక్కానికి వెళ్ళాల్సి వచ్చింది. అది మా బ్యాచిలో ఎవరికీ రాదు. ఈసారి హైమవతి కళ్ళార్పకుండా ముల్లు చూసి రాసుకుంది. రాష్ట్రంలో మొట్టమొదటి ప్రమాణ లెంపకాయ ఆ విధంగా నమోదైంది. మాస్టారు ఇరవై మూడో ఎక్కానికి కూడా సిద్ధపడ్డారు గాని, మేము బతిమాలి కారెక్కించాం.

ఆ తర్వాత చుక్కల విషయం వచ్చింది. లెంపకాయ తిన్నవాడి కళ్ళముందు చుక్కలు కనిపించడం జగమెరిగిన సంగతి. ప్రజలకు దెబ్బ చూపించేటప్పుడు చుక్కలూ చూపించాలి కదా, ఎన్ని చూపించాలి? డైరెక్టరుగారు తనకి ఏడు కనిపించాయన్నారు. సరిచూసుకోవడానికి మర్నాడు మాస్టారి చేత నాకూ ఒకటి వేయించారు. నాకు స్పష్టంగా పదకొండు కనిపించాయి. అదే మాట చెప్పాను.

డైరెక్టరుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "గంగాధరం, కింది ఉద్యోగికి పై అధికారికన్నా ఎక్కువ కనిపించడం సర్వీసు నిబంధనల స్ఫూర్తికి విరుద్ధం కాదూ?" అన్నారు.

నా పదకొండుని ఐదుకి సవరించారు. తర్వాత నిదానంగా ఆలోచిస్తే, నాకు ఐదే కనిపించినట్టు గుర్తొచ్చింది కూడా.

ఉత్తర్వు తయారైంది. రాక్షసుడు కోటకి అధిపతి కాబట్టి డైరెక్టరు హోదాతో సమానం, దెబ్బకి ఏడు చుక్కలు. వాడి భటులకి మూడేసి. నూకాలుకి ఉద్యోగం లేదు కాబట్టి చుక్కలు లేవు. పూలరేకులు ప్రమాణంలో లేవు, తీసెయ్యాలి. మంటలవానలో ప్రతి అక్షింతా ఒక విడి దెబ్బ, దేని లెంపకాయలు దానికి వేరుగా చూపించాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది చివరి షరతు. కొట్టినకొద్దీ కత్తి మొద్దుబారుతుంది, గద అరుగుతుంది. కాబట్టి ప్రతి దెబ్బకీ ముందు తెరమీద మండలి ఉద్యోగి ఒకడు వచ్చి, ఆయుధం కొలిచి, ముద్ర వేసి వెళ్ళాలి. పక్షపాతం లేకుండా ఇద్దరి ఆయుధాలకీ.

వకుళ ఉత్తర్వు అందుకుని, నోరు విప్పకుండా అన్నీ చేసింది. ఎలాగైనా ముద్ర పడి స్టాలు తెరిస్తే చాలనుకుంది పాపం. అయిదు రోజుల్లో ఎగ్జిబిషన్ అనగా ఆటని ఆఫీసుకి తెచ్చి డైరెక్టరుగారి ముందు పెట్టింది. నూకాలు కత్తి ఎత్తింది. ఫుల్‌చేతుల చొక్కా వేసుకున్న ఉద్యోగి ఒకడు తాపీగా నడుచుకుంటూ వచ్చి, కత్తి కొలిచి, చూపుడువేలు తడిచేసుకుని కాగితం తిప్పి, ముద్ర కొట్టి, నడుచుకుంటూ వెళ్ళాడు. కత్తి దిగింది. "ఇరవై ఐదు ప్రమాణ లెంపకాయలు" అని పడింది. ఏడు చుక్కలు వరసలో నిలబడ్డాయి. రాక్షసుడు గద ఎత్తాడు. మళ్ళీ ఆ ఉద్యోగే బయల్దేరాడు. ఈలోగా నూకాలూ రాక్షసుడూ చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నారు.

"యుద్ధం ఇంత క్రమశిక్షణగా జరగడం నేనింతవరకూ ఎక్కడా చూడలేదు" అన్నారు డైరెక్టరుగారు. అంతగా మెచ్చుకుని, మూడో దెబ్బకి కుర్చీలోనే నిద్రపోయారు. లేచాక, ఎగ్జిబిషన్ మొదలయ్యే రోజు పొద్దున వచ్చి ముద్ర వేయించుకోమన్నారు.

నేను సంతోషంగా ఇంటికి వెళ్ళాను. ప్రసన్న వచ్చి ఉన్నాడు. వకుళ వాణ్ణి కూర్చోబెట్టి ఆడమంది. వాడు రెండో ముద్ర దాకా ఓపిక పట్టి, "వదినా, ఇప్పుడే టీ తాగొస్తా" అని లేచి వెళ్ళి, మళ్ళీ రాలేదు.

వకుళ ఆ ఖాళీ కుర్చీ వైపు చూస్తూ నిలబడిపోయింది. "చూశారా? వాడు ఇంట్లోవాడు. వాడే లేచిపోయాడు" అంది. "ఇది నా ఆట కాదండి. నాకు ఏడుపొస్తోంది."

ఏమనాలో తోచక, తోచిందే అన్నాను. "నేనేం చెయ్యను వకుళా? అంకె ఉంటే కొలవాలి. రూలది."

"అంకె ఉంటేనా?"

"ఆఁ. ప్రజలకు చూపించే ప్రతి అంకె పక్కనా అని కదా ఉంది."

"మళ్ళీ ఒకసారి చెప్పండి ఆ రూలు."

భార్య రూలు అడగటం అదే మొదలు. ఉత్సాహంగా మొత్తం అప్పజెప్పాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, శ్రద్ధగా విని, వంటింట్లోకి వెళ్ళింది. ఆ పూట పప్పులో ఉప్పు సరిపోయింది.

ఎగ్జిబిషన్ మొదలయ్యే రోజు వకుళ ముద్రకి రాలేదు. సాయంత్రం దాకా చూసి డైరెక్టరుగారు నన్ను పిలిచారు. "గంగాధరం, కర్తవ్యానికి కళత్రం అడ్డు రాకూడదు. ముద్ర లేని అంకె ఒక్కటి కనిపించినా స్టాలుకి సీలు వేసి, నాకు ఫోను చెయ్యి" అని లక్కా, సీలూ ఉన్న సంచీ నా చేతికిచ్చారు. ఆయన బాధ ఆయన మొహంలో కనిపిస్తూనే ఉంది. నా బాధ కనిపించనివ్వలేదు. దారిపొడుగునా కాళ్ళు మాత్రం నెమ్మదిగా నడిచాయి.

రంగులరాట్నానికీ పెద్ద అప్పడాల దుకాణానికీ మధ్య వకుళ స్టాలు. దాని ముందు జనం. మొదట అప్పడాల కోసమనుకున్నాను. సంచీ చూపిస్తూ ముందుకి తోసుకెళ్ళబోతే, చంకలో పిల్లని ఎత్తుకున్న ఒకావిడ, "ఏవండీ, మేం మడుసుల్లాగ కనపడట్లేదాండి? ఎనక్కెళ్ళండి" అంది. ఆఫీసరునని చెప్పాను. "అయితే ఆఫీసరు లైన్లో నిలబడకూడదాండి?" అంది. అలా అని ఏ రూల్లోనూ లేదు. వెళ్ళి వెనక నిలబడ్డాను.

నా వంతు వచ్చేసరికి వకుళ నన్ను ముక్కూ మొహం తెలియని మనిషిని చూసినట్టు చూసి, "కూచోండి" అంది. కూర్చున్నాను. సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని, అంకెల కోసం తెరంతా వెతికాను.

అంకెలు లేవు. చుక్కలు లేవు. ముద్రలు కొట్టేవాడూ లేడు. నూకాలు కత్తి విసిరితే రాక్షసుడు గిర్రున తిరిగి, చుట్టూ పూలరేకులు ఎగిరి, "అమ్మోవ్" అని అరిచాడు. వాడు గదతో మోదితే తెరంతా అదిరి, రంగులన్నీ ఒక్క క్షణం వెలిసిపోయి, నూకాలు మోకాళ్ళ మీద పడింది. దాని జుట్టులోంచి ఉప్పు రాలింది. అంకె ఎక్కడైనా మూలన దాక్కుందేమోనని చూద్దామనుకున్నాను గాని, అప్పటికే వాడు మళ్ళీ గద ఎత్తుతున్నాడు. మంటలవాన కురిపించాను. వాడు కుంటుతున్నాడు. గెలుస్తానన్న నమ్మకం వచ్చి, కుర్చీలో ముందుకి జరిగి కూర్చున్నాను. అప్పుడు కొట్టాడు ఒకటి. నేనే "అబ్బా" అన్నాను. నూకాలు పడిపోయింది.

"ఇంకొక్కసారి" అన్నాను.

"లేవండి. వెనకాల జనం ఉన్నారు" అంది వకుళ. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ మొహం ఎలా ఉందంటే, పెళ్ళయిన ఇన్నేళ్ళలో నేనలా చూడలేదు. ఆ మొహం చూసి నాకెంత సంతోషమేసిందో చెప్పలేను.

పక్కకి వచ్చి డైరెక్టరుగారికి ఫోను చేశాను.

"సీలు వేశావా?"

"లేదు సార్. మన పరిధిలోకి రాదు. ఒక్క అంకె కూడా లేదు."

"అంకె లేకపోతే దెబ్బ ఎంతో జనానికి ఎలా తెలుస్తుందయ్యా?"

"తగిలితే తెలుస్తోంది సార్."

"నీకు తగిలిందా?"

"తగిలింది సార్. గట్టిగా."

"గట్టిగా అంటే ఎంత?"

ఈలోగా స్టాలు దగ్గర ఎవరో రాక్షసుణ్ణి గట్టిగా వాయించినట్టున్నారు, జనమంతా ఒక్కసారి ఓహో అన్నారు. ఆ గోల ఫోనులోంచి ఆయనకీ వినిపించే ఉంటుంది. గొంతు బాగా తగ్గించి అడిగారు.

"లైను ఎంతుంది?"

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో పై అధికారికి నేను అంకె లేని జవాబు ఇచ్చింది లేదు.

"చాలా ఉంది సార్" అన్నాను. "తొందరగా వచ్చెయ్యండి, నా వెనక చోటు పట్టి ఉంచుతాను."